తెర లోపలి చెయ్యి

"ముందు అది చెప్పు! నా గుర్రం కన్ను ఎందుకు మూశావు?"

"గాలొచ్చిందిరా. రంపపు పొట్టు లేచింది. కంట్లో పడుతుందని చెయ్యి అడ్డం పెట్టాను."

"అడ్డం పెట్టడానికి నీ చెయ్యే దొరికిందా? లాయంలో ఇంకెవరికీ చేతుల్లేవా?"

"పక్కన నేనున్నాను, నా చెయ్యే ఉంది. ఇంకొకడి చెయ్యి అరువు తెచ్చి పెట్టేలోపు పొట్టు కంట్లో పడేది."

"ఎకసెక్కాలాడకు! ఇవాళ దీనికి పరుగుంది. పరుగున్న రోజు పొద్దున్నే, నువ్వు, ఆ చేత్తో... నీకసలు మనసెలా ఒప్పిందయ్యా?"

గుర్రాల అంబులెన్సు వెనక పలకను గొట్టంతో కడుగుతున్న డ్రైవరు కుళాయి కట్టేశాడు. అరుస్తున్నది ఎవరో తొంగి చూడక్కర్లేదు. మిరపకాయ. పొట్టిగా, ఎర్రగా, ముట్టుకుంటే మండేట్టు ఉంటాడని ఆ సయీసుకు లాయమంతా కలిసి పెట్టిన పేరు. గుర్రానికి మేత నుంచి మాలిష్ దాకా అన్నీ చూసుకుని, రాత్రి దాని గది ముందే పడుకునేవాణ్ణి సయీసంటారు. జవాబు చెబుతున్నదీ సయీసే, డ్రైవరు అక్క మొగుడు. ఆయన్ని అందరూ నిదానం అంటారు. గుర్రం బెదిరినా మనిషి బెదిరినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే.

బయటివాళ్ళు వింటే నవ్విపోయే గొడవ ఇది. కంట్లో దుమ్ము పడకుండా చూసినవాడికి మెచ్చుకోలు పోయి తిట్లేమిటంటారు. కానీ ఆ రేసుకోర్సులో నిదానం అరచెయ్యి గుర్రం కన్ను మీద పడిందంటే దానికి ఒకటే అర్థం. కాలు విరిగి ఇక లాభం లేదని తేలిన గుర్రానికి గుర్రాల డాక్టరమ్మ ఆఖరి సూది వేసేటప్పుడు తల పట్టుకునేది ఆయనే. సూది కనబడకుండా కన్ను మూసేది ఆయనే. ఆ చెయ్యి పడ్డ గుర్రం మళ్ళీ మేత ముట్టలేదు. ఆ చేతిని ఇవాళ, బతికున్న గుర్రానికి, అదీ పరుగుకు ముందు తగిలించాడు. మిరపకాయ కడుపు మండిందంటే మండదూ?

సయీసులంతా మూగారు. ఒక్కడూ నిదానం తరఫున నోరు విప్పలేదు. ట్రైనరు వచ్చి రెండు వైపులా విని, టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"నాకిలాంటి నమ్మకాలు లేవు. చదువుకున్నవాణ్ణి. లేవు గానీ, మనవాళ్ళ మనసు చెదిరితే గుర్రం మనసు చెదురుతుంది. ఇవాళ్టికి నువ్వు ఇంటికెళ్ళు నిదానం. నీ గుర్రాన్ని పక్కవాడు చూస్తాడు. మిగతాది తర్వాత చూద్దాం."

"సార్, మధ్యాహ్నం ఏదైనా పడితే?"

"పొద్దున్నే పడే మాటెందుకయ్యా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వినలేదా?"

నిదానం చేతిలో బ్రష్షు పక్కవాడికిచ్చేశాడు. డ్రైవరు గొట్టం పక్కన పడేసి దగ్గరికొచ్చాడు. "తర్వాత చూద్దాం" అని ఆ ట్రైనరు ఇంటికి పంపినవాళ్ళలో తిరిగొచ్చినవాణ్ణి అతనెరగడు.

"రా బావా, దింపుతాను" అన్నాడు.

నిదానం జాకీ అవుదామని రేసుకోర్సు గేటు లోపలికి వచ్చినవాడు. వచ్చినప్పుడు పిడికెడంత ఉండేవాడట. ఏడాది తిరిగేసరికి కాళ్ళు వెదురుబొంగుల్లా సాగాయి. "అదృష్టం కన్నా ముందు నీ కాళ్ళు పెరిగాయిరా" అని నవ్వి, అప్పటి ట్రైనరు చేతిలో బ్రష్షు పెట్టాడు. ఎక్కాల్సిన గుర్రాన్ని తోముతూ ఉండిపోయాడు. ఏడ్చాడో లేదో ఎవరికీ తెలీదు. పెళ్ళయ్యాక పెళ్ళాం అడిగితే, "కింద నుంచి చూస్తే గుర్రం ఇంకా అందంగా ఉంటుందే" అన్నాడట. అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ రోజుల్లో పడిన గుర్రం చావు చూడదగ్గది కాదు. తాళ్ళేసి బండెక్కించి, విరిగిన కాలితోనే లాయానికి తెచ్చేవాళ్ళు. ఓనరు వచ్చి సరేననేదాకా సూది లేదు. ఆయన ఏ విందులోనో ఉంటే, గుర్రం మూడు కాళ్ళ మీద చెమటలు కక్కుతూ ఆయన తీరిక కోసం నిలబడేది. తర్వాత ఈ డాక్టరమ్మ వచ్చింది. పై నుంచి కొత్త నిబంధనలూ వచ్చాయి. బాగయ్యే ఆశ లేని గుర్రాన్ని పడ్డ చోటి నుంచి కదపకూడదు. ఓనరుకు చెప్పాలి, కానీ ఆయన ఒప్పుకోలు కోసం దాన్ని బాధలో ఆపకూడదు. చుట్టూ తెర కట్టాలి. ముందు మత్తు, ఆ తర్వాతే అసలు మందు. పడిపోయాక గుండె వినాలి, కనుగుడ్డును వేలితో తాకి చూడాలి, రెప్ప కదలకపోతేనే పోయినట్టు. తల పట్టుకునేవాడు దాని సొంత సయీసు కాకూడదన్న నియమం డాక్టరమ్మ సొంతంగా పెట్టింది. ఏడుస్తున్నవాడి చెయ్యి వణుకుతుంది, ఆ వణుకు తాడు వెంట గుర్రానికి పాకుతుంది.

"మీలో చెయ్యి వణకనివాళ్ళెవరు?" అని ఆమె అడిగిన రోజు అందరి వేళ్ళూ నిదానాన్నే చూపించాయి.

మొదటిసారి ఆయన తాడు బిగపట్టాడు. "వదులు చెయ్యండి, మనం దాన్ని ఉరి తియ్యట్లేదు" అని ఆమె కసిరింది. అలా కసిరించుకుంటూనే నేర్చుకున్నాడు. చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు తాడు పట్టుకోవాలి. ఎదురుగా కాదు, భుజం పక్కన నిలబడాలి. మోకాళ్ళు మడతపడేటప్పుడు తలతో పాటు కిందికి దిగాలి, దాని చెంప నేలకు కొట్టుకోకుండా చెయ్యి ఆనించాలి. కన్ను మీద చెయ్యి వెయ్యడం మాత్రం ఆయన సొంతం. డాక్టరమ్మ చూసి ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నారని డ్రైవరు ఓసారి అడిగితే, "ఆయన చెయ్యి వేశాక దాని ఊపిరి నెమ్మదిస్తోంది, నేను విన్నాను" అంది.

విచిత్రమేమిటంటే, ఆ లాయంలో ప్రతి సయీసూ ఏదో ఒక పూట నిదానాన్ని పక్కకు పిలిచి చెవిలో చెప్పినవాడే. "అన్నా, నా గుర్రానికి అలాంటి రాత రాకూడదు. వస్తే మాత్రం నువ్వే ఉండాలి. ఇంకొకణ్ణి రానివ్వకు." ఆయనా సరేననేవాడు. మర్నాడు అదే మనిషి ఆయన ఎదురొస్తే గుర్రం మొహాన్ని గోడవైపు తిప్పేవాడు. పరుగున్న రోజైతే ఆయన పేరే ఎత్తరు, "ఆఖరాయన" అని గుసగుసలాడతారు. అందరికీ కావలసినవాడే, అందరికీ అంటరానివాడే. అంబులెన్సు ముందు సీటు ఒక్కటే ఆయన హాయిగా కూర్చునే చోటు. ఇన్నేళ్ళుగా ట్రాకు మలుపు దగ్గర ఆ సీట్లో కూర్చున్నాడు గానీ ఒక్క పరుగు ముగింపూ చూడలేదు. "ఎవరు గెలిచారు బావా?" అని డ్రైవరు ఆటపట్టిస్తే, "అన్నీ నిలబడే ఉన్నాయి, అన్నీ గెలిచాయి" అనేవాడు.

అక్క ఇంట్లో కుట్టుమిషను కిటికీ దగ్గర ఉంటుంది. రేసుకోర్సుకు గుర్రాల రగ్గులూ, పడిన గుర్రం చుట్టూ కట్టే ఆకుపచ్చ తెరలూ ఆమే కుడుతుంది. ఇద్దరూ గుమ్మంలో కనబడగానే చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏంటి, పొద్దున్నే ఊరేగుతున్నారు బావా బావమరుదులు? రేసులెత్తేశారా?"

డ్రైవరు జరిగింది చెప్పాడు. అక్క విని పళ్ళ మధ్య దారం కొరికింది.

"పీడా పోయింది. ఇన్నాళ్ళకి పరుగుల రోజున నా మొగుడు ఇంట్లో ఉన్నాడు. ఆ మిరపకాయ నోట్లో చక్కెర పొయ్య."

"మధ్యాహ్నం ఏదైనా పడితే ఎవరు పట్టుకుంటారే?" అన్నాడు నిదానం, మంచం అంచున కూర్చుంటూ.

"నువ్వు లేకపోతే గుర్రాలు చావవా ఏంటి?"

"చస్తాయి. ఎలా చస్తాయన్నదే."

"అంత బాధుంటే ఇంకొకడికి నేర్పాల్సింది. అంతమంది మగాళ్ళున్నారు, ఒక్కడికి నేర్పావా? నేర్పవు. నిదానం వస్తే గానీ పని కాదు అనిపించుకోవడం నీకు లోపల్లోపల ఇష్టమయ్యా. నా దగ్గర దాచకు."

ఆయన దాచలేదు, ఒప్పుకోనూ లేదు. అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించుకుని నేల చూశాడు. అక్క కోపం తమ్ముడి మీదికి తిరిగింది.

"నువ్వు మాత్రం ఆ తాడు జోలికి పోయావంటే కాళ్ళిరగ్గొడతాను. బండి తోలుకో, తెర కర్ర పట్టుకో. ఈ కొంపకి ఒక్క చెయ్యి చాలు."

"నాకెందుకే అక్కా, కందకి లేని దురద" అని నవ్వుతూ లేచాడు డ్రైవరు.

మధ్యాహ్నం మిరపకాయ గుర్రం పరిగెత్తింది. నడుమన ఎక్కడో వచ్చింది. నాలుగు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. "చూశారా, ఆయన్ని పంపించేశాం కాబట్టే బతికింది" అన్నాడొక సయీసు. పడి ఉంటే, ఆయన ముట్టుకోబట్టే పడిందనేవాడు అదే నోటితో. డ్రైవరు స్టీరింగు మీద పిడికిలి బిగించి ఊరుకున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది.

ఆ తర్వాతి పరుగులో, మలుపు తిరుగుతూ, ఒక ఎర్ర ఆడగుర్రం కూలింది.

కూలడం చూసినవాళ్ళు తక్కువ. జనం కళ్ళు ముందున్న గుర్రాల మీద ఉంటాయి. అంబులెన్సు వెళ్ళేసరికి జాకీ దూరంగా కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నాడు. గుర్రం లేచి నిలబడింది. ముందు కాలు మోకాలి కింద వేలాడుతోంది. అది ఆ కాలిని నేల మీద ఆనించబోయి, ఆనకపోయేసరికి, ఇదేమిటన్నట్టు వంగి చూసుకుంది. డాక్టరమ్మ తాకి చూసి లేచింది. ఆమె మొహం చూస్తే చాలు.

ఫోనులో ఓనరు గొంతు పక్కవాళ్ళకు కూడా వినబడుతోంది. ఈనడానికైనా పనికొస్తుందేమో చూడండి, నేను బయల్దేరాను, ఆపండి అంటున్నాడు. "ఆపనండీ. మీకు చెబుతున్నాను, అడగట్లేదు" అని డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

తెరలు లేచాయి. ఒక కర్ర డ్రైవరు చేతిలో ఉంది. ఎర్ర గుర్రపు సయీసు, నెరిసిన తల మనిషి, దూరంగా వీపు తిప్పి నిలబడ్డాడు.

"నిదానం గారేరి?" అంది డాక్టరమ్మ సూదిలోకి మందు తీస్తూ.

ట్రైనరు తన బూట్లు చూసుకున్నాడు.

"ఆయన్ని తీసుకురావడానికి టైం లేదు. ఎవరో ఒకరు రండి. మీరు రండి" అని ఆమె సూటిగా డ్రైవరు వైపు చూసింది.

డ్రైవరు కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. గాలి లేకపోయినా, ఉన్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. తల దించుకున్నాడు.

"నేను పట్టుకుంటాను" అన్న మాట వెనక నుంచి వచ్చింది. మిరపకాయ. మొహంలో నెత్తురు చుక్క లేదు. పొద్దుటి గొడవ తనది కాబట్టి ఈ బరువూ తనదే అనుకున్నట్టున్నాడు. వచ్చి తాడు పట్టుకున్నాడు. జారిపోతుందేమోనని మణికట్టుకు చుట్టుకున్నాడు. గుర్రానికి ఎదురుగా నిలబడి, తల కదలకుండా శక్తి కొద్దీ కిందికి లాగాడు.

"చుట్టుకోకండి! పక్కకి రండి! వదులుగా..." అని ఆమె అంటూనే ఉంది. భయపడ్డవాడికి చెవులు పనిచేస్తాయా?

మత్తుసూది మెడ నరంలో దిగిందో లేదో, గుర్రం తల విదిల్చింది. సూది ఊడొచ్చింది. మత్తు సగమే ఎక్కింది. సగం మత్తు గుర్రానికి నొప్పి తగ్గలేదు, కాళ్ళ మీద అదుపు మాత్రం పోయింది. విరిగిన కాలితోనే ముందుకు దూకింది, మిరపకాయను తాడుతో ఈడ్చింది, తెర మీద పడబోయింది. కర్ర వదలకుండా డ్రైవరు వెనక్కి నడిచాడు. దాని కన్ను అతనికి బాగా దగ్గరగా వచ్చింది. ఆ కంట్లో ఆకుపచ్చ గుడ్డ, ఆకాశం, తన నీడ కనబడ్డాయి. తనను చూస్తోందనుకున్నాడు. అది ఎవర్నీ చూడట్లేదు. దారి వెతుక్కుంటోంది.

డాక్టరమ్మ రెండోసారి నరం దొరకబుచ్చుకుని మిగతా మత్తు ఎక్కించింది. దాని తల వాలేదాకా ఆగి, అప్పుడు అసలు మందు వేసింది. అది పడేటప్పుడు తలతో పాటు కిందికి దిగేవాడు లేడు. చెంప నేలకు తగిలిన చప్పుడు తెర బయటికి కూడా వినబడింది. నెరిసిన తల సయీసు భుజాలు ఒక్కసారి కుంచించుకుపోయాయి. ఆమె గుండె విని, కనుగుడ్డును తాకి, ఆగి, మళ్ళీ విని లేచింది. తిట్టలేదు. "నీళ్ళు తాగండి" అని మాత్రం మిరపకాయతో అంది. వాడి మణికట్టు చుట్టూ తాడు కోసిన ఎర్రటి చార.

దీపాలు పెట్టే వేళకు మిరపకాయ కట్టుకట్టిన చేత్తో వచ్చి అక్క గుమ్మంలో నిలబడ్డాడు. డ్రైవరు అప్పటికే లోపల కూర్చుని, జరిగిందంతా బావకు చెప్పలేక సగం చెప్పాడు. డాక్టరమ్మ తనను పిలిచిన సంగతి ఆ మిగిలిన సగంలో ఉంది.

"లోపలికి రా" అన్నాడు నిదానం.

"రాను. ఇక్కడే బాగుంది." వాడు గుమ్మాన్ని గోటితో గీకాడు. "నువ్వుండాల్సింది."

"తాడెలా పట్టుకున్నావు?"

"చుట్టుకున్నా."

"చుట్టుకోమని ఎవరు చెప్పార్రా?"

మిరపకాయ తలెత్తాడు. కళ్ళు మండుతున్నాయి, పొద్దున మండినట్టు కాదు.

"వద్దని ఎవరు చెప్పారు? ఇన్నేళ్ళలో ఎవరికి చెప్పావు? తెర కట్టేవాళ్ళం, అవతలికి తిరిగేవాళ్ళం, తెర తీసేసరికి అయిపోయేది. లోపల నువ్వేం చేస్తావో మాకేం తెలుసు? ఏదో మంత్రమేస్తావనుకున్నాం!"

మిషను చప్పుడు ఆగిపోయింది. పొద్దున తానన్న మాటే ఇంకొక నోట వింటుంటే అక్క మొగుడి వైపు చూడలేకపోయింది. "టీ తాగి వెళ్ళు నాయనా" అని లేచింది. వాడు తాగలేదు, వెళ్ళిపోయాడు. నిదానం తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "మంత్రమట" అన్నాడు. ఆ మాటకు నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

మర్నాడు ట్రైనరు కబురు పెట్టాడు. పనిలోకి రమ్మని. నిదానం వెళ్ళి, డాక్టరమ్మను కూడా పిలిపించి, అందరి ముందూ చెప్పాడు.

"వస్తాను సార్. కానీ తెర లోపలికి నేనొక్కణ్ణే అయితే రాను. ప్రతి లాయం నుంచీ ఇద్దరు నేర్చుకోవాలి. చచ్చేవాటి మీద కాదు, బతికున్నవాటి మీద. రోజూ పొద్దున తాడు వదులుగా పట్టుకుని, కన్ను మీద చెయ్యేసి నిలబడాలి. అన్ని చేతులూ అన్ని గుర్రాలకీ అలవాటవ్వాలి. అప్పుడే ఇది చావు చెయ్యి, ఇది బతుకు చెయ్యి అని ఎవరూ విడదియ్యలేరు."

"నేను ఎప్పుడో అడగాల్సింది" అంది డాక్టరమ్మ. "మీరున్నారు కదా అని ఊరుకున్నాను."

సయీసులు గొణిగారు. కోరి కొరివితో తల గోక్కోవడమేనన్నారు. ఆ గొణుగుడు అయ్యాక, గుంపు వెనక నుంచి మిరపకాయ తన గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. అలవాటు కొద్దీ దాని మొహం గోడవైపు తిప్పబోయి, ఆగి, ఇటు తిప్పాడు. "కానియ్యి. దీని కన్ను నువ్వెలాగూ ఓసారి మూశావు, ఇంకా మేస్తూనే ఉంది" అన్నాడు. ఎవడో కిసుక్కుమన్నాడు. దాంతో బిగువు కాస్త సడలింది.

అలా మొదలైంది. వంకలు పెట్టి తప్పించుకున్నవాళ్ళే ఎక్కువ. వచ్చినవాళ్ళకు నిదానం ఎక్కువ మాటలు చెప్పలేదు. వాళ్ళ చేతి మీద తన చెయ్యి వేసి, తాడు ఎంత వదులో చూపించేవాడు. డ్రైవరు కూడా బండి కడగడం ఆపి వచ్చి నిలబడేవాడు. గుర్రం రెప్ప అరచేతిలో పిట్టలా కొట్టుకుని, కాసేపటికి కుదుటపడేది. ఆ కుదుటపడటం దగ్గర అతనికి, తెర పక్కన తన కళ్ళ ముందుకు వచ్చి, దారి వెతుక్కున్న కన్ను గుర్తొచ్చేది. అక్కకు ఈ పాఠాల సంగతి తెలుసు. తెలియనట్టే ఉంది. చేతిలో ఉన్న తెరకు అంచు మాత్రం రెండు వరసలు కుట్టింది.

మళ్ళీ పరుగుల రోజు వచ్చింది. మలుపు దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. నిదానం తన సీట్లో కూర్చున్నాడు. దూరంగా గేట్లు తెరుచుకున్న చప్పుడు, ఆ వెనకే జనం అరుపు.

"బావా, నీకో సంగతి చెప్పలేదు" అన్నాడు డ్రైవరు ముందుకు చూస్తూనే. "ఆ రోజు డాక్టరమ్మ ముందు నన్నే పిలిచింది. నేను కర్ర పట్టుకుని నిలబడిపోయాను."

"తెలుసు. ఆవిడ చెప్పింది."

"మరి ఒక్క మాటా అనలేదే?"

"ఏమంటాను? ఆ తెర చాటున నేనూ చాలా ఏళ్ళు దాక్కున్నాను. నేను లోపల, నువ్వు బయట, అంతే తేడా."

గుర్రాలు మలుపులోకి వచ్చాయి. బండి నేల అదిరింది. అన్నీ దాటిపోయాయి, నిలబడే దాటిపోయాయి. దుమ్ము నెమ్మదిగా కిందికి దిగుతోంది. ఇంకా రెండు పరుగులు మిగిలి ఉన్నాయి.

నిదానం చేతులు ఒడిలో పెట్టుకుని, బావమరిది మొహంలోకి సూటిగా చూశాడు.

"ఇవాళ అవసరం రాకపోతే సంతోషం. వచ్చిందంటే మాత్రం కర్ర నాకిచ్చేసి, తాడు దగ్గరికి నువ్వెళ్ళు. వెళ్తావా?"